మూత వేసిన పెట్టె: రాబిన్ మిల్నర్

కంప్యూటరు రంగంలో గొప్పవాళ్ళెవరని అడిగితే మన విద్యార్థి మిత్రులు కంపెనీలు పెట్టి కోట్లు గడించినవాళ్ళ పేర్లే చెబుతారు. కంపెనీ పెట్టకుండా, పిహెచ్.డి. పట్టా అయినా పుచ్చుకోకుండా ఈ శాస్త్రానికి మహోపకారం చేసిన ఒక ప్రొఫెసరుగారిని మీకు పరిచయం చేయాలని నా కోరిక. ఆయనే రాబిన్ మిల్నర్.

మిల్నర్ 1934 జనవరి 13న ఇంగ్లండులో ప్లిమత్ పట్టణం దగ్గర జన్మించారు. తండ్రి సైనికాధికారి. స్కాలర్‌షిప్పుతో ఈటన్‌లో చదువుకుని, కొన్నాళ్ళు సైన్యంలో పనిచేసి, కేంబ్రిడ్జిలో గణితం, తత్త్వశాస్త్రం అభ్యసించారు. కొంతకాలం లండన్‌లో బడిపంతులుగా ఉన్నారు. ఫెరాంటి కంపెనీలో ప్రోగ్రాములు రాశారు. ఆ తరువాత అధ్యాపకుడై, 1970 దశకం మొదట్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు చేరారు.

గణిత నిరూపణలను యంత్రం చేత తనిఖీ చేయించాలన్నది అక్కడ ఆయన తలకెత్తుకున్న పని. అందుకు తయారుచేసిన ప్రోగ్రాం పేరు ఎల్‌సీఎఫ్. దానితో రెండు చిక్కులు వచ్చాయి. నిరూపణలో ప్రతి మెట్టునూ దాచుకోవలసి రావడంతో యంత్రం జ్ఞాపకశక్తి ఇట్టే నిండిపోయేది. పైగా వాడేవాళ్ళు తమ సొంత పద్ధతులను అందులో చేర్చుకునే వీలు లేదు. పోనీ ఆ వీలు కల్పిద్దామంటే, ఎవరో ఒకరు తప్పుడు సిద్ధాంతాన్ని చొప్పించేస్తే? ఇక ఆ యంత్రం మాట ఎవరు నమ్ముతారు?

1973లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరాక మిల్నర్, ఆయన సహచరులు దీనికి ఉపాయం కనిపెట్టారు. అందుకోసం పుట్టిన భాషే ఎంఎల్. అందులో సిద్ధాంతం అనేది ఒక ప్రత్యేకమైన రకం. లోపల అది ఎలా ఉంటుందో బయటి ప్రోగ్రాముకు అందదు. తర్క నియమాల ద్వారా తప్ప కొత్త సిద్ధాంతం తయారుకాదు. కనుక మెట్లన్నీ దాచుకోనక్కరలేదు. ఫలితం ఒక్కటీ ఉంటే చాలు.

పంచాయతీ ఎన్నికల బ్యాలెట్ పెట్టెను తలుచుకోండి. ఓటు పైనున్న సందులోంచే పడాలి. మూత తీసి చెయ్యి పెట్టే వీలు లేదు గనుకనే ఓడినవాడు కూడా లెక్కను ఒప్పుకుంటాడు. ఇక్కడ దాచడం రహస్యం కోసం కాదు, నమ్మకం కోసం.

ఈ ఆలోచన స్టాండర్డ్ ఎంఎల్‌లో ఇంకా విస్తరించింది. 1984లో డేవిడ్ మెక్వీన్ దానికి మాడ్యూళ్ళ పద్ధతిని ప్రతిపాదించారు. బయటికి ఏమేమి కనపడాలో చెప్పేది సిగ్నేచర్; లోపల పని చేసేది స్ట్రక్చర్. ఈ కుటుంబానిదే అయిన ఓకామెల్ భాష నేర్చుకుంటూ నేనొక క్యూ రాశాను. మొదట ఒకే జాబితాతో రాస్తే, చివర చేర్చిన ప్రతిసారీ జాబితా అంతా నడవాల్సి వచ్చి నత్తనడక అయింది. తరువాత ముందుకొకటి, వెనక్కొకటి చొప్పున రెండు జాబితాలు పెట్టాను. లోపలి రూపాన్ని సిగ్నేచర్ దాచింది గనుక, ఆ క్యూను వాడుతున్న ప్రోగ్రాముల్లో ఒక్క అక్షరం మార్చనక్కరలేకపోయింది! మిల్నర్ గొప్పతనం నాకు ఆనాడు బోధపడింది.

ఎల్‌సీఎఫ్ వంశంలోదే ఇసబెల్ అనే నిరూపణ ప్రోగ్రాం. దాని సాయంతో 2009లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ సక్రమంగా పనిచేస్తుందని గణితరీత్యా నిరూపించారు.

మిల్నర్‌కు 1991లో ట్యూరింగ్ బహుమతి లభించింది. 1995లో కేంబ్రిడ్జికి ప్రొఫెసరుగా తిరిగి వెళ్ళారు. 2010 మార్చి 20న అక్కడే కన్నుమూశారు.

జూనియర్ సోదర సోదరీమణులకు నా మనవి ఒక్కటే. ప్రాజెక్టు మొదలుపెట్టేముందు కోడు జోలికి పోకండి. ఎదుటివాడికి ఏమి చూపాలో, ఏమి చూపకూడదో ఒక కాగితం మీద రాసుకోండి. నలుగురూ కలిసి చేసే పని నిలబడేది అక్కడే.