మహాత్ముని నడక: వ్యాధుల నడుమ నిలదొక్కుకున్న దేహం

భారత వైద్య పరిశోధన మండలి 2019లో మహాత్మా గాంధీ ఆరోగ్య పత్రాలను ఒక సంపుటంగా వెలువరించింది. వాటి ప్రకారం 1939లో ఆయన బరువు 46.7 కిలోలు, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. 1940 ఫిబ్రవరిలో రక్తపోటు 220/110కి చేరింది. మలేరియా మూడుసార్లు సోకింది. రెండు శస్త్రచికిత్సలు జరిగాయి. ఏ వైద్యుడైనా విశ్రాంతి తీసుకొమ్మని చెప్పదగిన ఈ దేహమే 1947 ఆరంభంలో, 77 ఏళ్ల వయసులో, తూర్పు బెంగాల్‌లోని నౌఖాలీ పల్లెల్లో కాలినడకన 116 మైళ్లు తిరిగింది.

గాంధీజీ బలశాలిగా పుట్టలేదు. 1869 అక్టోబరు 2న పోర్‌బందర్‌లో జన్మించిన ఆ బాలుడు బిడియస్తుడు. పాఠశాలలో వ్యాయామమన్నా, క్రికెట్టన్నా ఆయనకు గిట్టేది కాదు. అయితే ఆరుబయట నడవడం మేలని ఏదో పుస్తకంలో చదివి, ఆ అలవాటు చేసుకున్నారు. లండన్‌లో న్యాయశాస్త్రం చదివే రోజుల్లో బండి ఖర్చు మిగుల్చుకోవడానికి దినానికి ఎనిమిది, పది మైళ్లు నడిచేవారు. పొదుపు కోసం సాగిన ఆ నడకే తన ఆరోగ్యాన్ని కాపాడిందని తరువాత ఆయన గ్రహించారు. దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ క్షేత్రం జొహానెస్‌బర్గ్‌కు 21 మైళ్ల దూరం. సొంత పనిపై నగరానికి వెళ్లేవారు నడిచే వెళ్లాలన్నది అక్కడి నియమం. వేకువకు ముందే బయలుదేరి, అదే రోజు తిరిగి రావడం గాంధీజీకి, ఆయన సహచరులకు పరిపాటి.

వ్యాధులు మాత్రం ఆయనను వదలలేదు. 1914లో లండన్‌లో ఊపిరితిత్తుల పొర వాచి మంచాన పడ్డారు. 1918లో గుజరాత్‌లోని ఖేడా ప్రాంతంలో సైనికుల సమీకరణ కోసం రోజుకు 20 మైళ్ల వరకు నడుస్తూ, వేరుశనగ, నిమ్మకాయల వంటి ఆహారంతో కాలం గడిపి, తీవ్రమైన జిగట విరేచనాల పాలయ్యారు. మృత్యువు సమీపించిందని ఆయనే భావించిన సందర్భమది. ఆవు, గేదె పాలు ముట్టనని 1912లో పూనిన వ్రతం వల్ల వైద్యులు ఎంత చెప్పినా పాలు తాగలేదు. చివరకు కస్తూర్బా ఒక మార్గం చూపారు. వ్రతం పూనిన నాడు మేకపాలు మనసులో లేవు గదా అన్నది ఆమె వాదం. గాంధీజీ లొంగిపోయారు, కోలుకున్నారు. అక్షరాన్ని నిలిపి ఆత్మను వదులుకున్నానన్న బాధ మాత్రం ఆయనను వీడలేదు. ఇక్కడ గెలిచింది ఆయన పట్టుదల కాదు, కస్తూర్బా లౌక్యం.

ఔషధాలపై అంత అపనమ్మకం గల మనిషి 1924 జనవరిలో శస్త్రచికిత్సకు అంగీకరించవలసి వచ్చింది. ఎరవాడ జైలు శిక్ష అనుభవిస్తుండగా అపెండిసైటిస్ ముదిరింది. పుణెలోని ససూన్ ఆసుపత్రిలో బ్రిటిష్ వైద్యుడు కర్నల్ మాడక్ చికిత్స సాగిస్తుండగా విద్యుత్ దీపాలు ఆరిపోయాయి. లాంతరు వెలుగులో పని పూర్తి చేశారు. కొద్ది వారాలకే ప్రభుత్వం ఆయనను విడుదల చేసింది.

ఆరేళ్లు గడిచేసరికి, 1930 మార్చి 12న, ఆయన దండికి నడక ప్రారంభించారు. అప్పటికి ఆయనకు 60 ఏళ్లు నిండాయి. 78 మంది అనుచరులలో కృష్ణా జిల్లాకు చెందిన యెర్నేని సుబ్రహ్మణ్యం ఒకరు. ఇరవై నాలుగు దినాల్లో సుమారు 240 మైళ్లు. యాత్రలో అందరికంటే పెద్దవాడు గాంధీజీయే. అవసరమైతే ఎక్కడానికి ఒక గుర్రాన్ని వెంట ఉంచారు గాని, ఆయన దానిని ఎక్కలేదు. యువకులలో కొందరు అలసి బండ్లను ఆశ్రయించారు.

డెబ్బయ్యవ పడి ఆయనకు కఠిన పరీక్షే అయింది. 1942 ఆగస్టులో నిర్బంధించి, ఆగాఖాన్ భవనంలో ఉంచారు. అక్కడే ఆయన గాలి, నీరు, ఆహారం గురించి ఆరోగ్యంపై ఒక చిన్న పుస్తకం రాశారు. 1943 ఫిబ్రవరిలో 21 రోజుల నిరాహార దీక్ష చేసి ప్రాణాపాయం నుంచి బయటపడ్డారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కస్తూర్బా అదే భవనంలో కన్నుమూశారు. కొద్ది వారాలకే ఆయనకు మలేరియా సోకింది. 1944 మేలో విడుదలైన నాడు ఆయన బాగా నీరసించి ఉన్నారు.

అలాంటి మనిషి రెండున్నరేళ్లకు నౌఖాలీలో కనిపించారు. 1946 అక్టోబరు అల్లర్లతో ఇరు మతాల వారి మధ్య నమ్మకం అడుగంటింది. ఆయన తన సహచరులను ఒక్కొక్కరిని ఒక్కో గ్రామానికి పంపి, శ్రీరాంపూర్‌లో తాను మకాం వేశారు. అక్కడి కాలువలపై వెదురు వంతెనలే దారి. వాటిపై నడవడం బెంగాలీలకు చిన్ననాటి విద్య, గాంధీజీకి కొత్త. ఎవరి సాయమూ లేకుండా దాటాలని శ్రీరాంపూర్‌లో అభ్యాసం చేశారు. బెంగాలీ అక్షరాలు కూడా దిద్దారు.

1947 జనవరి 2న యాత్ర మొదలైంది. కొద్ది రోజులకు చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో నడిచారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు ప్రార్థన, మంచు ఆరని గట్లపై నడక, చేరిన ఊరిలో ఇంటింటి పలకరింపు, సాయంత్రం మళ్లీ ప్రార్థన. దారిలో కొందరు ముళ్లు, మలినం చల్లిన సందర్భాలూ ఉన్నాయి. పాదాలు పగిలాయి. 47 గ్రామాలు తిరిగి, మార్చి ఆరంభంలో బీహార్‌కు వెళ్లారు. అక్కడా అల్లర్ల బాధితులే ఎదురుచూస్తున్నారు.

ఆయన దీక్షలనూ ఆహార ప్రయోగాలనూ వృద్ధులు అనుసరించదగినవని చెప్పలేం. అవి పలుమార్లు ఆయనను మృత్యువు అంచుకు తీసుకువెళ్లాయి. తిరిగి లేచిన ప్రతిసారీ తోడు నిలిచినవి చిన్ననాడు పట్టుబడ్డ నడక, మితాహారం, వేళ తప్పని దినచర్య, దగ్గరివారి సేవ. వీటితోపాటు పూర్తి చేయవలసిన పని ఒకటి ఎప్పుడూ ఆయన ముందుండేది. రోజుకు సగటున 18 కిలోమీటర్ల చొప్పున దాదాపు నాలుగు దశాబ్దాలు నడిచారని పైన చెప్పిన సంపుటం పేర్కొంటోంది.

1948 జనవరి 13న ఢిల్లీలో మత సామరస్యం కోసం చివరి దీక్ష పూనారు. వయసు 78. మూత్రపిండాల పనితీరు దెబ్బతినడంతో వైద్యులు కలత చెందారు. 18న దీక్ష విరమించాక కొన్ని దినాలు కుర్చీలో కూర్చోబెట్టి ప్రార్థన స్థలికి తీసుకువెళ్లవలసి వచ్చింది. జనవరి 30 నాటికి మళ్లీ కాళ్లపై నిలిచారు. సర్దార్ పటేల్‌తో సంభాషణ వల్ల ఆ సాయంత్రం ఆలస్యమైంది. మను, ఆభాల భుజాలపై చేతులు వేసి, బిర్లా భవనం పచ్చిక మీదుగా వేగంగా ప్రార్థన సభ వైపు నడిచారు.