నిఘంటుకర్త బ్రౌను దొర

దీపము నార్పుమని చెప్పుటకు ఇంగ్లీషువారు ‘పుట్ ఔట్’ అందురు. పుట్ అనగా పెట్టు, ఔట్ అనగా బయట. ఈ రెంటిని గూర్చి దీపమును బయట పెట్టుమని తెనిగించిన బాలుని వ్రాతలో ఏ మాటకా మాట సరియే గాని, అర్థము మాత్రము చెడినది. ఆ పుట్ అను క్రియయే ‘ఆన్’తో చేరి ధరించుట, ‘ఆఫ్’తో చేరి వాయిదా వేయుట, ‘అప్ విత్’తో చేరి ఓర్చుకొనుట యగుచున్నది. ఇట్టి చిక్కులను మనకొరకు విడదీయ బూనిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

ఆయన 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ బోధకుడు. 1817లో కుంపిణీ కొలువునకై చెన్నపట్టణము చేరి, అచ్చట వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు నేర్చి, 1820లో బ్రౌను కడపకు ఉద్యోగియై వచ్చెను. మన కొండాపురమునకు పడమట, వెలిగొండల కావలి సీమయే యది.

కడపలో సొంత సొమ్ముతో బంగళా కొని, పండితులకు జీతములిచ్చి, తాళపత్ర ప్రతులను తెప్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. ఈ వ్యయముచే అప్పులపాలయ్యెను. 1834లో కొలువు పోగా స్వదేశమునకు మరలవలసి వచ్చెను. అయినను పూనిన పని విడువలేదు. కొలది యేండ్లకే చెన్నపట్టణమునకు తిరిగి వచ్చి, 1852 మొదలు 1854 వరకు గల కాలమున తన నిఘంటువులను అచ్చొత్తించెను. అందు ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఇంగ్లీషు నుడికారములను తెలుగున వివరించుటకే ఉద్దేశింపబడినది.

ఆయన కీ పని యేల సాధ్యమయ్యెను? తాను పరాయివాడై తెలుగు నేర్చెను గనుక, నేర్చువాడు ఎచ్చట తొట్రుపడునో ఎరుగును. మన భాషలోను ఈ చిక్కు లేకపోలేదు. ‘చేయిచేసికొనుట’ యనగా కొట్టుట యని చేయి, చేయు అను మాటలను విడివిడిగా నెరిగినవానికి తోచునా? అందుచేతనే ఆయన గ్రంథములతో తృప్తినొందక, జనుల వాడుకను గూడ చెవియొగ్గి వినెను.

1855లో ఆయన ఇంగ్లండునకు వెడలి, 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12వ తేదీన దివంగతుడయ్యెను. కడపలో ఆయన నివసించిన స్థలమున నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది.

విద్యార్థులారా! అనువాదమునకు కలము పట్టునపుడు మాటకు మాట పెట్టి తృప్తిపడకుడు. ఈ భావమునే మన యింటివారు ఎట్లు పలుకుదురో తలచి చూచి, పిదప వ్రాయుడు. ఆ దొర ఋణము మనము తీర్చుకొను మార్గము ఇదియేయని మేము తలంతుము.