మానని పుండు, మారిన మనిషి



జూలై 14వ తేదీన మీ విచారణలో ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ గాని, సిస్టరు గారు గాని కనిపిస్తే పండుగ శుభాకాంక్షలు చెప్పండి. ఆ రోజు వారి పాలక పునీతుడు కమిల్లస్ డి లెల్లిస్ గారి పండుగ. అయితే ఈ పునీతుని గురించి రాయాలని నాకు అనిపించడానికి కారణం వేరే ఉంది. పేకాటలో పడిపోయిన కొడుకు గురించో, భర్త గురించో కన్నీళ్ళతో విచారణ గురువుల దగ్గరకు వచ్చే తల్లులు, ఇల్లాండ్రు మీలో తక్కువేమీ కాదు. ధ్యానకూటాల్లో సిలువ ముందు ఒట్టు పెట్టుకుంటాడు. నెల తిరగకముందే మళ్ళీ ముక్కలు పడతాడు. ఇక వీడు మారడన్న మాటతోనే వారు ముగిస్తారు. ఆ మాట అనే ముందు ఒక్కసారి ఈ జీవితాన్ని చదవండి.

కమిల్లస్ 1550 మే 25న ఇటలీలో, ఆనాటి నేపుల్స్ రాజ్యంలోని బుక్కియానికో అనే ఊళ్ళో పుట్టాడు. అప్పటికే తల్లి కమిల్లాకు వయసు మళ్ళింది. తండ్రి సైనికుడు, ఇంటి పట్టున ఉండేవాడు కాదు, పైగా జూదరి. బాలుడు పెంకిగా పెరిగాడు. పదమూడో ఏట తల్లి కన్నుమూసింది. ఆ తరువాత చదువూ లేదు, అదుపూ లేదు. తండ్రీ కొడుకులిద్దరూ కలిసి సైన్యంలో చేరాలని బయలుదేరితే, దారిలో తండ్రి జబ్బుపడి మరణించాడు. దాదాపు అప్పుడే కుర్రవాడి కాలి మీద ఒక పుండు లేచింది. దాన్ని గుర్తుపెట్టుకోండి. ఈ కథలో అదే ముఖ్యం.

తండ్రి పోయిన దుఃఖంలో ఇద్దరు ఫ్రాన్సిస్కన్ సన్యాసులను చూసి తానూ సన్యాసినవుతానని మాటపట్టు చేశాడు. అది నిలబడలేదు. 1571లో పుండుకు వైద్యం కోసం రోమునగరంలో పునీత యాకోబు పేర ఉన్న ఆసుపత్రిలో చేరాడు. నయంకాని రోగుల ఆసుపత్రి అది. అక్కడే పనివాడుగా కుదిరి, పేకాట వల్ల, జగడాల వల్ల గెంటివేయబడ్డాడు. తిరిగి సైన్యంలోకి వెళ్ళాడు. చివరికి 1574లో, నేపుల్స్ పట్టణంలో పాచికలాటలో కత్తి పోయింది, తుపాకి పోయింది, ఒంటి మీది చొక్కా కూడా పోయింది.

ఆరడుగులకు పైబడిన ఆ మనిషి, మన్‌ఫ్రెదోనియా అనే రేవు పట్టణంలో గుడి వాకిట చేయి చాచి నిలబడ్డాడు. జాలిపడినవారు అతణ్ణి కపూచిన్ సన్యాసుల మఠం కట్టుబడిలో కూలికి పెట్టారు. రాళ్ళూ నీళ్ళూ గాడిదల మీద మోయించే పని. కూలి డబ్బు చేతిలో పడితే మళ్ళీ ఆటకు పోదామనే అతని ఆలోచన! ఇంతలో ఏదో పని మీద సాన్ జొవాన్ని రొతోందో మఠానికి పంపారు. (మనమంతా ఎరిగిన పాద్రే పియో గారు తరువాతి కాలంలో జీవించిన ఊరే అది.) అక్కడి మఠాధిపతి అతన్ని పక్కకు పిలిచి, దేవుని గురించి, ఆత్మ గురించి కాసేపు మాట్లాడారు. మరునాడు తిరిగి వస్తుండగా దారిలో ఆ మాటలు గుండెలో మెదిలి, రాళ్ళ మీద మోకరిల్లి వెక్కివెక్కి ఏడ్చాడు. 1575 ఫిబ్రవరి 2, ప్రభువును దేవాలయంలో సమర్పించిన పండుగ రోజు. కమిల్లస్ వయసు 24.

చాలామంది ప్రసంగీకులు ఇక్కడితో ఆపేస్తారు. నాకైతే అసలు కథ ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. కపూచిన్ సభ వారు ఆయన్ని చేర్చుకున్నారు. కఠినమైన అంగీ రాపిడికి పుండు మళ్ళీ తెరుచుకుంది. పంపివేశారు. రోముకు వెళ్ళి పాత ఆసుపత్రిలోనే వైద్యం చేయించుకుని, కాస్త మానగానే మళ్ళీ మఠానికి వెళ్ళాడు. పుండు మళ్ళీ తిరగబెట్టింది. మళ్ళీ పంపివేశారు. ఆలోచించండి, మారుమనస్సు పొందిన మనిషిని దేవుడే గుమ్మంలోంచి రెండుసార్లు తిప్పిపంపినట్లు లేదూ? పాత స్నేహితులు ఎక్కడికీ పోలేదు, పాచికలూ ఉన్నాయి. ఆయన మాత్రం జూదం వైపు తిరగలేదు. తన్ను ఒకప్పుడు గెంటిన ఆసుపత్రిలోనే రోగులకు సేవ చేస్తూ ఉండిపోయాడు. కొన్నేళ్ళకు ఆ ఆసుపత్రి పెత్తనమే ఆయనకు అప్పగించారు.

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ గారి అలవాట్ల సిద్ధాంతం నాకు చప్పగా ఉండేది. మంచిపని పదేపదే చేస్తేనే మనిషి మంచివాడవుతాడని ఆయన వాదన. కమిల్లస్ గారి జీవితం చదివాక అందులో కొంత బోధపడింది. పాచికలు పట్టిన చేతులు రోజూ చీమూ నెత్తురూ కడిగాయి. ఏళ్ళ తరబడి కడిగాయి. ఆ దారిన మొదటి అడుగు వేయించింది మాత్రం దైవ వరప్రసాదమే, అరిస్టాటిల్ కాదు.

ఆ రోజుల్లో ఆసుపత్రి కూలివాళ్ళు రోగుల్ని తిట్టేవారు, పస్తులుంచేవారు. డబ్బు కోసం కాక దేవుని కోసం సేవ చేసే మనుషులు కావాలని 1582లో ఆయనకు తోచింది. ఆయన పాపసంకీర్తన గురువు పునీత ఫిలిప్ నేరి గారికే ఆ ఆలోచన నచ్చలేదు. అయినా 32 ఏళ్ళ వయసులో యేసుసభ వారి కళాశాలలో చిన్నపిల్లల మధ్య కూర్చుని లతీను నేర్చుకున్నాడు. 1584లో గురువయ్యాడు. 1586లో సిక్స్తుస్ 5వ పోపుగారు ఆయన సహవాసాన్ని ఆమోదించి, నల్లటి అంగీ మీద ఎర్ర సిలువ ధరించడానికి అనుమతించారు. మనం అంబులెన్సుల మీద చూసే రెడ్‌క్రాస్ గుర్తుకు మూడు వందల ఏళ్ళకు దగ్గరగా ముందటి ముచ్చట ఇది. 1591లో గ్రెగోరి 14వ పోపుగారు దాన్ని పూర్తిస్థాయి సన్యాస సభగా చేశారు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయతలతో పాటు వారికి నాలుగో మాటపట్టు ఒకటుంది. ప్రాణాపాయం ఉన్నా సరే రోగులకు సేవ చేయడం. ప్లేగు రోగుల మధ్య ఆ సభ సోదరులు చాలామంది ఆ మాట ప్రాణాలతో చెల్లించారు.

1598 క్రిస్మసు రోజుల్లో తైబరు నది పొంగి పవిత్రాత్మ ఆసుపత్రిలోకి నీళ్ళు వచ్చినప్పుడు, కమిల్లస్ గారు రోగుల్ని తన వీపు మీద మోసి పై అంతస్తుకు చేర్చారు. ఆ కాలితోనే! పుండు ఆయన చనిపోయేవరకు మానలేదు. మూత్రపిండాల్లో రాళ్ళు, కడుపునొప్పి, ఇంకా మరేవో కలిసి ఐదు జబ్బులు ఆయన్ని పట్టుకున్నాయి. వాటిని దేవుడు తనపై చూపిన కనికరాలుగా ఆయన లెక్కపెట్టుకునేవారు. ఆ లెక్కలో కాలి పుండూ ఉంది. నడవలేని స్థితిలో కూడా మంచం దిగి, పాకుతూ పక్క మంచాల దగ్గరకు వెళ్ళి ఏమైనా కావాలా అని అడిగేవారట. 1614 జూలై 14న రోమునగరంలో ప్రభువులో నిద్రించారు. ఆయన భౌతికకాయం అక్కడే, పునీత మగ్దల మరియమ్మ దేవాలయంలో ఉంది.