ఎమీ జాన్సన్ - పందొమ్మిదిన్నర రోజుల ప్రయాణం

సర్వీసులో ఉన్నన్నాళ్లూ నేను టి.ఏ. బిల్లులు సరిచూసిన గుమాస్తాను. ఎన్ని మైళ్లు, బయలుదేరిన వేళ, చేరిన వేళ, మధ్యలో మకాం ఎందుకు పడింది - ఇవే నా ప్రశ్నలు. ఎమీ జాన్సన్ జీవితం చదివినప్పుడూ నా చూపు ముందుగా ఆ లెక్కల మీదే పడింది.

ఆమె 1903 జులై 1న ఇంగ్లండులోని హల్ పట్టణంలో ఒక చేపల వర్తకుని ఇంట జన్మించింది. షెఫీల్డులో బి.ఏ. చదివి, లండన్‌లో ఒక న్యాయవాది ఆఫీసులో కార్యదర్శిగా చేరింది. అంటే మనలాగే కాగితాల మధ్య బతికిన మనిషే. తీరిక వేళల్లో విమానం నడపడం నేర్చుకుంది. 1929లో పైలట్ లైసెన్సుతోపాటు గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు కూడా సంపాదించింది. ఈ రెండోది పొందిన తొలి బ్రిటిష్ మహిళ ఆమే.

1930 మే 5న లండన్ దగ్గరి క్రాయ్‌డన్ నుంచి ఒంటరిగా ఆస్ట్రేలియాకు బయలుదేరింది. విమానం ఎవరో వాడి అమ్మిన జిప్సీ మాత్. వెల 600 పౌన్లు. తండ్రి, లార్డ్ వేక్‌ఫీల్డ్ కలిసి ఆ సొమ్ము సర్దారు. అంతకుముందు ఆమె చేసిన అతి దూర ప్రయాణం లండన్ నుంచి హల్ వరకే!

వియన్నా, కాన్‌స్టాంటినోపుల్, బాగ్దాద్ మీదుగా ఆరో రోజున కరాచీ చేరింది. పెట్రోలు చాలక ఝాన్సీలో సైనికుల కవాతు మైదానంలో దిగింది. రంగూన్ దగ్గర దిగేటప్పుడు విమానం దెబ్బతింది. స్థానికుల సాయంతో మరమ్మతు చేయించుకునేసరికి విలువైన రోజులు పోయాయి. 1928లో బెర్ట్ హింక్లర్ పదిహేనున్నర రోజుల్లో చేరిన రికార్డు అలా చేజారింది. అయినా ఆగలేదు. మే 24న డార్విన్‌లో దిగింది. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన తొలి మహిళ అయింది.

ఇప్పుడు నా లెక్క. దూరం సుమారు 11,000 మైళ్లు. గంటకు 85 మైళ్ల చొప్పున వేసుకుంటే గాలిలో గడిచేది 130 గంటలు, అంటే అయిదున్నర రోజులకు లోపే. పట్టింది పందొమ్మిదిన్నర. తక్కినదంతా నేల మీద పెట్రోలుకు, ఇంజను శుభ్రానికి, మరమ్మతుకు, కాస్త నిద్రకు పోయింది. 2018 మార్చిలో లండన్-పెర్త్ మధ్య ఎక్కడా ఆగని విమానం మొదలైనప్పుడు, దాదాపు 14,500 కిలోమీటర్లకు పట్టింది సుమారు పదిహేడు గంటలు. వేగం పెరగడం ఒక్కటే కారణం కాదు, మకాములు పోయాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆమె వైమానిక దళానికి విమానాలు చేరవేసే పనిలో చేరింది. 1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ సమీపానికి బయలుదేరింది. గంట పైచిలుకు ప్రయాణమది. వాతావరణం బాగాలేదు. దారికి ఎంతో దూరాన, థేమ్స్ ముఖద్వారంలో పడిపోయింది. వయసు 37. దేహం దొరకలేదు. రక్షించబోయిన నౌకాధికారి వాల్టర్ ఫ్లెచర్ కూడా ప్రాణం కోల్పోయాడు.

ఆస్ట్రేలియా దాకా చేరిన మనిషి ఆ గంట ప్రయాణం పూర్తిచేయలేకపోయింది. దూరం ఎక్కువైతేనే ప్రమాదమనుకునే మన లెక్క తప్పని ఆనాడే తేలింది. మన పిల్లలు ఎంత దగ్గర ఊరికి వెళ్లినా, చేరామన్న కబురు వచ్చేదాకా మనం మేలుకొని ఉండటంలో అర్థం లేకపోలేదు.