జాన్ చార్న్‌లీ

సర్ జాన్ చార్న్‌లీ (ఆగస్టు 29, 1911 - ఆగస్టు 5, 1982) ప్రముఖ ఆంగ్లేయ ఎముకల శస్త్రవైద్యుడు. ఆధునిక తుంటి కీలు మార్పిడి శస్త్రచికిత్సకు ఆద్యుడిగా ప్రసిద్ధి చెందాడు. కృత్రిమ కీలు అరిగినపుడు రాలే పొడి శరీరానికి చేసే హానిని ఈయన తన దేహంపైనే పరీక్షించి చూశాడు.

బాల్యము, విద్య

ఈయన ఇంగ్లాండులోని లాంకషైర్ ప్రాంతానికి చెందిన బరీ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఔషధ విక్రేత, తల్లి నర్సు. 1935లో మాంచెస్టర్‌లో వైద్యవిద్య పూర్తిచేశాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనిక వైద్యదళంలో చేరి ఈజిప్టులో పనిచేశాడు.

టెఫ్లాన్ వైఫల్యము

తుంటి కీలులో తొడ ఎముక తల బంతివలె గిన్నె వంటి గుంటలో తిరుగుతుంది. అరిగిన కీలు స్థానంలో ఉక్కు బంతిని, టెఫ్లాన్ గిన్నెను అక్రిలిక్ సిమెంటుతో అమర్చే పద్ధతిని చార్న్‌లీ రూపొందించాడు. సుమారు 300 మంది రోగులకు మొదట ఉపశమనం లభించింది. కానీ కొద్ది సంవత్సరాలలోనే టెఫ్లాన్ వేగంగా అరిగిపోయింది. రాలిన రేణువుల చుట్టూ కణజాలం గడ్డకట్టి, కీళ్ళు వదులయ్యాయి. ఆ రోగులకు తిరిగి శస్త్రచికిత్సలు చేయవలసివచ్చింది.

స్వీయ ప్రయోగము

1962లో ఈయన సహాయకుడు హ్యారీ క్రేవన్ పాలిథిలీన్ అనే ప్లాస్టిక్‌ను యంత్రంపై పరీక్షించగా, అది టెఫ్లాన్ కన్నా ఎంతో తక్కువగా అరిగింది. అదే సంవత్సరం నవంబరు నుండి దానితో గిన్నెలు అమర్చడం మొదలైంది. అయితే కొత్త పదార్థాన్ని శరీరం సహిస్తుందా అన్న సందేహం మిగిలింది. చార్న్‌లీ రెండు పదార్థాల నమూనాలను తన తొడలో పెట్టించుకున్నాడు. తొమ్మిది నెలల తరువాత టెఫ్లాన్ ఉన్నచోట గడ్డలు చేతికి తగిలాయి. పాలిథిలీన్ జాడ స్పష్టంగా తెలియలేదు. ఈ ఫలితాన్ని 1963లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు.

శరీర ప్రతిస్పందన

రేణువులను రక్షక కణాలైన మాక్రోఫేజ్‌లు మింగుతాయి, కానీ జీర్ణించుకోలేవు. అవి విడుదలచేసే రసాయనాలు ఎముకను కరిగించే కణాలను ప్రేరేపిస్తాయి. ఆ విధంగా ఎముక క్షీణించి కీలు వదులవుతుంది. పాలిథిలీన్ రేణువులు కూడా దీర్ఘకాలంలో ఇదే హాని చేస్తాయని తరువాత తేలింది. అందువలన 1990ల చివర నుండి ఇంకా తక్కువగా అరిగే పాలిథిలీన్ వాడుకలోకి వచ్చింది.

గుర్తింపు

రైటింగ్టన్ ఆసుపత్రిలో ఈయన నెలకొల్పిన తుంటి చికిత్సా కేంద్రం ప్రపంచ ఖ్యాతి పొందింది. 1974లో లాస్కర్ పురస్కారం, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1977లో సర్ బిరుదు లభించాయి.