పోడు గోడును కాగితమెక్కించిన హైమన్‌డార్ఫ్

చదువు ముగించిన యువకుడు ఎవరి పక్కన నిలబడాలి? వియన్నాలో 1909లో పుట్టిన హైమన్‌డార్ఫ్ 1931లో అక్కడే మానవశాస్త్రంలో డాక్టరేటు పొందాడు. 1939లో యుద్ధం వచ్చింది. శత్రుదేశస్థుడని బ్రిటిషువారు ఆయన్ని నైజాం రాజ్యం దాటనివ్వలేదు. భార్య బెట్టీతో కలిసి అడవి బాట పట్టాడు.

1941లో మన చండ్రుగొండ దాపున పాల్వంచ సంస్థానంలో కొండరెడ్ల గూడేల్లో మకాం పెట్టాడు. పోడు కొట్టుకు బతికేవాళ్లని వెదురు కంట్రాక్టర్లు అప్పుల్లో దించి, చాలీచాలని కూలికి ఎట్లా వాడుకుంటున్నారో చూసి సర్కారుకు రాసిచ్చాడు. ఆ నివేదికలు 1945లో అచ్చయ్యాయి. ఆదిలాబాదులో వేలాది గోండు కుటుంబాలకు పట్టాలొచ్చాయి.

అయితే ఒక్క కాగితానికే సర్కారు కదల్లేదు. అంతకుముందే, 1940లో, జోడేఘాట్‌లో కొమరం భీం నెత్తురు చిందింది.

హైమన్‌డార్ఫ్ 1995లో కన్నుమూశాడు. తగాదా మాత్రం తీరలేదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలోనే పోడు గొడవలో అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యాడు. అడవి ఉద్యోగీ పోడు కూలీ ఒకరికొకరు శత్రువులు కారు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ కూర్చుని హద్దులు తేల్చాలి. అప్పుడే అడవీ మిగులుతుంది, అన్నమూ మిగులుతుంది. కాలేజీ దాటొచ్చిన మన పిల్లలు ముందు పట్టాల్సిన పని ఇదే.