మట్టి మోసిన చేతులకు దక్కని పేరు

వీథులకూ భవనాలకూ పేర్లు మార్చడం దేశ రాజధానికి కొత్త కాదు. 2022లో రాజ్‌పథ్ కర్తవ్యపథ్ అయింది. ఇటువంటి మార్పుల వెనుక సాధారణంగా కనిపించేది పాలకుల అభీష్టమే. కాని 2024 డిసెంబరు చివర కలకత్తాలోని స్టార్ థియేటరుకు వినోదిని పేరు పెడుతున్నట్లు పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ప్రకటించినప్పుడు, నూటనలభై యేళ్ళనాటి బాకీ ఒకటి జ్ఞప్తికి వచ్చింది.

వినోదిని దాసి 1863లో కలకత్తా వేశ్యావాటికలో, నిరుపేద యింట జన్మించింది. 1874లో, ఇంకా పసితనం వీడకముందే, గ్రేట్ నేషనల్ థియేటరులో చిన్న పాత్రతో రంగమెక్కింది. బెంగాలీ వృత్తి నాటకరంగంలో స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించడం అంతకు ముందు యేడే ఆరంభమైంది. కులస్త్రీలు రంగస్థలం వంక కన్నెత్తి చూడని ఆ కాలంలో, నటీమణులు వేశ్యావాటికలనుండే రావలసి వచ్చింది. నాటకకర్త గిరీశ్ చంద్ర ఘోష్ శిక్షణలో వినోదిని ప్రతిభ వికసించింది. పన్నెండేళ్ళలో ఆమె ధరించిన పాత్రలు సుమారు ఎనభై.

గిరీశ్ బృందానికి సొంత రంగశాల లేదు. గుర్ముఖ్ రాయ్ అనే యువ ధనికుడు దానిని కట్టించి యివ్వడానికి సిద్ధమయ్యాడు. వినోదిని తన ఆశ్రయంలో ఉండాలన్నది షరతు. నాటకాన్ని విడిస్తే ఏభైవేల రూపాయలు యిస్తానన్నా ఆమె రొక్కాన్ని కాదని రంగశాలనే కోరుకొన్నది. బీడన్ వీథిలో కట్టడం సాగుతున్నప్పుడు తానూ తట్టతో మట్టి మోసినట్లు ఆమె ఆత్మకథలో వ్రాసుకొన్నది. తన పేరిట అది బి థియేటరు కాగలదని సహచరులు ఆశపెట్టారు. తీరా రిజిస్టరు అయినది స్టార్ అని! వేశ్య పేరు పెడితే మర్యాదస్తులు రారని వారి భయం. వేశ్య సొమ్ము తెచ్చినప్పుడు మాత్రం ఆ భయం కలుగలేదు.

1883 జూలై 21న దక్షయజ్ఞంతో స్టార్ తెర లేచింది. సతి పాత్ర వినోదినిదే. 1884 సెప్టెంబరు 21న రామకృష్ణ పరమహంస అక్కడ చైతన్యలీల చూచి, చైతన్యునిగా నటించిన ఆమెను ఆశీర్వదించారు. నాటకమంటే ముఖం చిట్లించే నగరానికి ఆ రాకతో రంగశాల గౌరవస్థానమైంది. ఆమెకు మాత్రం ఆ గౌరవంలో పాలు దక్కలేదు. సహచరులతో పొసగక, ఇరవై నాలుగేళ్ళయినా నిండకుండానే రంగస్థలాన్ని వీడింది. తరువాత తన కుమార్తెను పాఠశాలలో చేర్పించబోతే తల్లి వృత్తి అడ్డువచ్చింది. ఆ బాలిక 1904లో మరణించింది. వినోదిని కవితలూ ఆత్మకథా వ్రాసి, 1941లో కన్నుమూసింది.

ఇక్కడ ఒక చిక్కున్నది. ఆమె మట్టి మోసిన బీడన్ వీథి భవనం చేతులు మారి ఎమరాల్డ్ థియేటరయింది; తదుపరి చిత్తరంజన్ అవెన్యూ నిర్మాణంలో కలిసిపోయింది. స్టార్ అన్న పేరును మాత్రం బృందంవారు వెంటబెట్టుకొని, 1888లో హాతీబగాన్‌లో కొత్త రంగశాల తెరిచారు. అప్పటికే వినోదిని విరమించుకొన్నది. అదియును 1991లో అగ్నికి ఆహుతైంది. నగరపాలక సంస్థ పాతకాలపు ముఖభాగాన్ని నిలిపి, లోపల ఆధునిక ప్రేక్షకశాలను నిర్మించింది.

అంటే, పేరు వచ్చి చేరినది ఆమె ఏనాడూ నటించని యింటికి. అయినా నాడు రంగశాలకు పెట్టనివ్వక తప్పించినది ఆమె పేరునే కనుక, నేడు ఏ ద్వారంమీద వ్రాసినా అది న్యాయమే.